శిథిలాల నడుమ ఆగని మందు



2010 జనవరి 12 సాయంకాలం కరీబియన్ ప్రాంతంలోని పేదదేశమైన హైతీని 7.0 తీవ్రతగల భూకంపం కుదిపివేసింది. రాజధాని పోర్టొప్రిన్స్‌లో ఆసుపత్రులు, పాఠశాలలు, అధ్యక్షభవనం సైతం కూలిపోయాయి. లక్షలాది జనం గుడారాల పాలయ్యారు. క్షతగాత్రుల ఆర్తనాదం లోకానికి వినిపించింది. హెచ్.ఐ.వి. రోగుల ఆపద మాత్రం కంటికి కనిపించనిది. వారి ఔషధం నిత్యం సేవించవలసినది. నడుమ మానితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది; మందుకు లొంగని రూపం దాల్చనూవచ్చు.

డాక్టర్ జాన్ విలియం పాప్ సహచరులతో కలసి 1982లో అక్కడ నెలకొల్పిన గెస్కియో సంస్థ, భవనాలు దెబ్బతిన్నా తలుపులు మూయలేదు. వేలాది నిర్వాసితులను ఆదుకొంటూనే రోగులకు మందులు అందించింది. ఇళ్లు కోల్పోయిన సిబ్బందే తిరిగి విధులకు వచ్చారు. మధ్య హైతీ పల్లెలలో జాన్మీ లాసాంతే సంస్థ 1998 నుంచే మరొక పద్ధతి నెలకొల్పింది: శిక్షణ పొందిన గ్రామస్థులు రోగి ఇంటికే వెళ్లి మందు వేయించేవారు.

గిడ్డంగిలో ఔషధం ఉన్నంతమాత్రాన చికిత్స కాదు. రోగి పేరు, ఇల్లు, గుడారం ఎరిగిన మనిషి కావాలి. అట్టి మనుషులు విపత్తు నాడు పుట్టుకురారు. ముందే తయారు కావాలి. రోగిని వెలివేయక, పొరుగువాని క్షేమం కనిపెట్టి ఉండే పౌరులను తీర్చిదిద్దటం ఏ దేశంలోనైనా విద్యాలయాల వంతు.