రెండు పట్టికలు: వాలంటీరు పేరు, వోటరు పేరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వము ప్రజలను ఎంతవరకు నమ్ముచున్నదో తెలిసికొనవలెనన్నచో రెండు పట్టికలు చూచిన చాలును. ఆపద వచ్చినపుడు ఆయుధము చేతికిచ్చి దేశమును కాపాడుమని కోరుటకై వ్రాసికొన్న వాలంటీర్ల పట్టిక మొదటిది. పాలకులను ఎన్నుకొనుమని పిలుచుటకై వ్రాసికొన్న వోటర్ల పట్టిక రెండవది. ఈ దేశమున సామాన్యుని పేరు ఈ రెంటను ఎక్కుటకు రమారమి నూఱేండ్లు పట్టినది. ఆ నూఱేండ్ల కథయే నేటి ప్రసంగ విషయము.

1857లో ఉత్తర హిందూస్థానమున తిరుగుబాటు చెలరేగగానే ఇచ్చటి ఐరోపీయులు తమంత తాము దళములుగా ఏర్పడిరి. చెన్నపట్టణమున మద్రాసు వాలంటీర్ గార్డ్సు దళము ఆ సంవత్సరముననే పుట్టినది. తరువాత 1869లో వాలంటీర్ల చట్టము వచ్చినది. రేవు పట్టణములలో వర్తకులు, తోటల యజమానులు, రైల్వే ఉద్యోగులు సెలవు దినములలో తుపాకి పట్టి కవాతు చేయుచుండిరి. వారి పేర్ల సరసన భారతీయుల పేర్లు చేర్చుకొనకుండుటయే ప్రభుత్వ విధానముగా సాగినది. 1878 నాటి ఆయుధముల చట్టము ఈ భేదమును మఱింత గట్టిపఱచినది. తెల్లవారికి మినహాయింపు, ఈ దేశమున పుట్టినవాడు ఇంట తుపాకి ఉంచుకొనవలెనన్న లైసెన్సు.

1885లో రుష్యా సేనలు అఫ్గన్ సరిహద్దున పంజ్‌దే వద్దకు వచ్చినపుడు దేశమంతట కలవరము కలిగినది. అప్పుడు విద్యావంతులైన భారతీయులు పలు పట్టణములలో తమను కూడ వాలంటీర్లుగా చేర్చుకొనుడని అర్జీలు పెట్టుకొనిరి. అర్జీ పెట్టినది జీతము కొఱకు కాదు, పదవి కొఱకు కాదు. రాజ్యమును కాపాడుదుమన్నవారిని రాజ్యమే కాదు పొమ్మన్నది. మరుసటి యేట కలకత్తాలో జరిగిన రెండవ కాంగ్రెసు మహాసభ ఈ విషయమై తీర్మానము చేసినది. ఆయుధమునకు దూరము చేయబడిన జాతి క్రమముగా పౌరుషమును కోల్పోవునని రాజా రాంపాల్ సింగు ఆ సభలో ఆవేదనతో పలికెను. 1887లో మద్రాసున బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతను కూడిన మహాసభ ఆ కోరికనే మరల వెల్లడించినది. అయినను మొదటి ప్రపంచ యుద్ధము వచ్చువఱకు ఆ తలుపు తెఱువబడలేదు.

1917లో యుద్ధపు ఒత్తిడి వలన భారత రక్షణదళ చట్టము చేసిరి. ఐరోపీయులకు అందు సేవ నిర్బంధము, భారతీయులకు ఐచ్ఛికము. 1920లో మరల రెండు చట్టములు వేఱువేఱుగా వచ్చినవి. ఐరోపీయులకు ఆగ్జిలరీ ఫోర్సు, భారతీయులకు టెరిటోరియల్ ఫోర్సు. దేశరక్షణ యొక్కటే; పట్టికలు మాత్రము రెండు.

ఇక రెండవ పట్టిక సంగతి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము ప్రకటించెను. దానిననుసరించి 1884లో మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడినవి. శాసనసభకు సాక్షాత్తుగా వోటు వేయు అవకాశము మాత్రము 1920 నవంబరు ఎన్నికలకు గాని కలుగలేదు. ఆనాడు రాజధాని మొత్తములో వోటర్లు సుమారు 12 లక్షల 50 వేలు. పల్లెలలో ఏటికి 10 రూపాయలకు తక్కువ కాని విలువ గల భూమి ఉండవలెను. పట్టణములలో మునిసిపలు పన్ను కొలబద్ద. ఆ భూమి లేకున్నను వోటు పొందగలిగినవాడు ఒకడు కలడు. అతడు పింఛను పుచ్చుకొనుచున్న సైనికుడు. తుపాకి పట్టి కొలువు చేసినవానికి మాత్రమే పేదవాడైనను పోలింగు గదిలోనికి దారి దొరకినది. రెండు పట్టికలకు గల సంబంధము ఇచ్చట స్పష్టముగా కానవచ్చుచున్నది. స్త్రీలకు వోటు లేదన్న నిబంధనను తొలగించుటలో మద్రాసు శాసనసభయే 1921లో దేశమునకు దారి చూపినది.

సరిగా ఆ సంవత్సరముననే ఆంధ్రదేశము ఈ రెండు పట్టికలకును తనదైన సమాధానము చెప్పినది. చీరాల, పేరాలలను కలిపి ప్రజల ఇష్టమునకు విరుద్ధముగా మునిసిపాలిటీ చేసినపుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరము నిర్మించుకొని సుమారు పదునొకండు నెలలు కాలము గడపిరి. వారికి అండగా నిలిచినది రామదండు. ఆ దండు వాలంటీర్లకు ప్రభుత్వము తుపాకి ఇయ్యలేదు, పట్టిక వ్రాయలేదు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడినపుడు జనసమ్మర్దమును అదుపులో నుంచిన సేవకులలో వారును ఉండిరి. ఆ యేడు నవంబరులో పెక్కు రాష్ట్రముల ప్రభుత్వములు 1908 నాటి చట్టము క్రింద కాంగ్రెసు, ఖిలాఫత్తు వాలంటీరు దళములను నిషేధించినవి. వాలంటీరు అను మాట ఒక్కటే. తెల్లవాడు ధరించినపుడు అది గౌరవ చిహ్నము. ఖద్దరు కట్టినవాడు ధరించినపుడు అది నేరము.

1935 చట్టము వోటర్ల పట్టికను కొంత విస్తరింపజేసినది. మద్రాసు రాజధానిలో వోటర్లు సుమారు 64 లక్షలైరి. జనాభాలో నూటికి పదునైదుగురు. భూమి, పన్ను, సైనిక సేవలతోపాటు అక్షరజ్ఞానమును కూడ అర్హతగా అంగీకరించిరి. సైనికుని వితంతువు, తల్లి పింఛను పొందుచున్నచో వారికిని వోటు కలిగినది. గ్రంథాలయోద్యమమునకు ఇది గర్వింపదగిన విషయము. పలకపై దిద్దిన అక్షరమునకు పదిరూపాయల పట్టాతో సమానమైన విలువ వచ్చినది. అక్షరములు రానివారి కొఱకు 1937 ఎన్నికలలో రంగు పెట్టెలు పెట్టిరి. కాంగ్రెసుది పసుపు పెట్టె. 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కినవి. రంగు గుర్తుపట్టగల కన్ను ఉన్న చాలును, మనస్సులోని మాట పెట్టెలో పడునని ఆ ఎన్నిక నిరూపించినది.

ఇచ్చట ఒక హెచ్చరికను మఱువరాదు. నైజాము రాజ్యమున రజాకారు అను మాటకు కూడ స్వచ్ఛంద సేవకుడనియే అర్థము. కాని ఆ రాజ్యమున పాలకులను మార్చగల వోటు ప్రజల చేతిలో లేదు. ప్రజలకు జవాబు చెప్పనక్కఱలేని సాయుధ వాలంటీరు ఏమి కాగలడో తెలంగాణ పల్లెలు 1948 సెప్టెంబరు వఱకు అనుభవించినవి. వోటర్ల పట్టిక లేని చోట వాలంటీర్ల పట్టిక ప్రజలకు రక్ష కాదు, శిక్ష.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రెండు పట్టికలును తెఱువబడినవి. 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టము, నేషనల్ క్యాడెట్ కోరు చట్టము వచ్చినవి. తోలు రంగును అడుగు పద్ధతి పోయినది. 1950లో రాజ్యాంగము వయోజనులందఱకు వోటు హక్కు నొసగినది. 1951–52 ఎన్నికల పట్టికలో 17 కోట్లకు పైగా పేర్లు చేరినవి. ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కొక్క పెట్టె అమర్చిరి. కాని ఆ పట్టికనుండి సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు తొలగింపవలసి వచ్చినది. తమ పేరు చెప్పుటకు సంకోచించి, ఫలానావాని భార్యననియో, ఫలానావాని తల్లిననియో వ్రాయించుకొనుటయే అందులకు కారణము. హక్కు ఇంటి గడప వఱకు వచ్చినది. పేరు చెప్పుకొను ధైర్యము లేక వెనుదిరిగినది.

1989 నుండి పదునెనిమిదేండ్లు నిండినవారందఱును వోటర్లే. వోటరు రెండు కిలోమీటర్లకు మించి నడువనక్కఱ లేకుండ పోలింగు కేంద్రము ఉండవలెనని ఎన్నికల సంఘము నియమము. 1996లో చేసిన సవరణ ప్రకారము విధిలో నున్న రక్షణ సిబ్బంది, ఎన్నికల అధికారులు తప్ప మఱెవ్వరును పోలింగు కేంద్రము దగ్గఱకు ఆయుధముతో రాగూడదు. ఒకనాడు తుపాకి పట్టినవాడే వోటునకు అర్హుడైన పేదవాడు. నేడు తుపాకిని వెలుపల విడిచి వచ్చినవారే లోనికి అర్హులు. ఆ గుమ్మము కడ నిలుచువారిలో స్వచ్ఛందముగా చేరిన హోంగార్డులును ఉందురు. పెట్టె చెప్పినట్లు తుపాకి వినుటయే స్వరాజ్యము.

అయినను పట్టికలో పేరు దానంతట అది నిలువదు. ఎవరో చూడవలెను, ఎవరో చదువవలెను, తప్పున్నచో ఎవరో అడుగవలెను. వోటర్ల పట్టిక చిత్తుప్రతి ప్రకటించిన ప్రతిసారియు గ్రామ గ్రంథాలయములో దానిని బిగ్గఱగా చదివి వినిపించు ఆచారము నెలకొల్పుట మంచిది. చదువురాని ముసలమ్మ తన పేరును తన చెవులతో వినవలెను. లేకున్నచో దరఖాస్తు వ్రాసిపెట్టు యువకులు ఆ బల్లయొద్దనే కూర్చుండవలెను. అట్టి యువకులే ఈ కాలమునకు తగిన వాలంటీర్లు. వారికి తుపాకి అక్కఱలేదు, కలము చాలును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపు కులము, ఆస్తి అడుగక అందఱికి తెఱచియున్నది. ఊరిలో ఏ ఒక్కరి పేరును పట్టికనుండి జాఱిపోకుండ చూచు బాధ్యతను కూడ అది చేపట్టి, స్వర్ణోత్సవమునాటికి అట్టి ఖ్యాతి గడించుగాక.