మనది ఏ పార్టీ?



ముందుగా ఒక మనవి. నేను రాజకీయ పండితుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఈ హాల్లో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారని నాకు తెలుసు. నా ప్రసంగం అయ్యాక కూడా మీరంతా ఒకే బంతిలో కూర్చుని భోజనం చెయ్యాలని నా కోరిక.

ఈ ప్రసంగానికి కారణం మా అమ్మాయి. దానికి మొన్న 18 ఏళ్ళు నిండాయి. పెన్సిల్వేనియాలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఓటరు నమోదు ఫారం నింపుతోంది. మధ్యలో ఆగి, "నాన్నా, మనది ఏ పార్టీ?" అని అడిగింది.

మా ఊళ్ళో ఈ ప్రశ్న అడగాల్సిన పని లేదు. ఏ ఇల్లు ఏ పార్టీయో వీధిలో గోళీలాడుకునే పిల్లలకు కూడా తెలుసు. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు మా నాన్న కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు, మా బాబాయి కొత్త పార్టీలోకి వెళ్ళాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోలేదు. పార్టీ అంటే ఇంటిపేరు లాంటిదనుకుంటూ పెరిగాను నేను. ఇప్పుడు అమెరికాలో పుట్టిన నా కూతురు కూడా ఇంటిపేరు అడిగినట్టే అడిగింది.

ఇక్కడ పార్టీ ఇంటిపేరు కాదని చెప్పడానికి ఈ దేశ చరిత్రే సాక్ష్యం. రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టింది. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్నది అప్పటి దాని ప్రధాన వాదం. 1860లో గెలిచిన లింకన్ ఆ పార్టీ వాడే. అంతర్యుద్ధం తరవాత దక్షిణాదిలో నల్లవాళ్ళను వేరుగా ఉంచే చట్టాలు చేసిన ప్రభుత్వాలు డెమొక్రాట్లవి. ఇప్పటి పార్టీలను చూసినవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. 1964లో పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన జాన్సన్ డెమొక్రాట్. కానీ కాంగ్రెస్‌లో దాన్ని బలపరిచినవాళ్ళ శాతం డెమొక్రాట్లలో కంటే రిపబ్లికన్లలోనే ఎక్కువ. అదే ఏడాది రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. అధ్యక్ష ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు, కానీ దక్షిణాదిలో అయిదు రాష్ట్రాలు గెలిచాడు. అక్కణ్ణుంచి బోర్డులు అవే ఉన్నాయి, లోపల కాపురం ఉన్నవాళ్ళు మారుతూ వచ్చారు.

ఆ రంగులు కూడా అంతే. మనకు ఎరుపు అంటే కమ్యూనిస్టులు. ఇక్కడ ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రాట్లది. అది కూడా 2000 ఎన్నికల రాత్రుల్లో టీవీ పటాల మీద స్థిరపడిందే తప్ప తాతల నాటిది కాదు.

మనం ఈ దేశానికి రాగలిగిన కథ కూడా ఒక పార్టీది కాదు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరిచింది 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం. క్లేర్ బూత్ లూస్ రిపబ్లికన్, ఇమాన్యుయేల్ సెల్లర్ డెమొక్రాట్. ఆ చట్టం ఏడాదికి వంద మంది భారతీయులను రానిచ్చింది. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది. దాన్ని జాన్సన్ హయాంలో రెండు పార్టీల ఓట్లతో చేశారు. ఇప్పటి రూపంలో ఉన్న హెచ్-1బి వీసా 1990 చట్టం నుంచి వచ్చింది. సంతకం పెట్టింది పెద్ద బుష్, రిపబ్లికన్. 2000లో ఆ వీసాల సంఖ్యను కొన్నేళ్ళపాటు 1,95,000కు పెంచిన చట్టం మీద సంతకం క్లింటన్‌ది, డెమొక్రాట్. ఈ హాల్లో సగం మంది ఆ సంతకాల చలవతో వచ్చినవాళ్ళమే.

మరయితే రెండూ ఒకటేనా? కాదు. "ఇద్దరూ దొందూ దొందే" అని టీ తాగుతూ తేల్చెయ్యటం మనకు అలవాటు. ఆ మాట సగమే నిజం.

తేడాలు ముందు చెబుతాను. 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ కూడా ఓటు వెయ్యలేదు. 2017లో కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గించిన చట్టానికి ఒక్క డెమొక్రాట్ కూడా ఓటు వెయ్యలేదు. గర్భస్రావం హక్కు మీద 1973లో వచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2022లో కొట్టేసింది. కొట్టేసిన న్యాయమూర్తులందరినీ నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులు, వ్యతిరేకించిన ముగ్గురినీ నియమించింది డెమొక్రాట్ అధ్యక్షులు. పారిస్ వాతావరణ ఒప్పందంలో ఒబామా చేరాడు, ట్రంప్ బయటికొచ్చాడు, బైడెన్ మళ్ళీ చేరాడు, 2025లో ట్రంప్ మళ్ళీ బయటికి రావాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆడపిల్ల తండ్రికో, మందుల ఖర్చుతో నలిగే ఇంటికో, చిన్న వ్యాపారం నడిపేవాడికో ఇవి చిన్న తేడాలు కావు.

ఇక కలిసిపోయే చోట్లు. 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతి ఇచ్చిన సెనేట్ ఓటు 77-23. ఆ 77లో 29 మంది డెమొక్రాట్లు. ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం బుష్ కుదిర్చింది. 1993లో దాన్ని గట్టెక్కించింది క్లింటన్, అదీ ప్రతినిధుల సభలో తన పార్టీ కంటే రిపబ్లికన్ల ఓట్లు ఎక్కువ తీసుకుని. 2016లో అదే ఒప్పందాన్ని తిడుతూ గెలిచింది మళ్ళీ రిపబ్లికన్ అభ్యర్థి! బడ్జెట్ సంగతి చూడండి. 1998 నుంచి 2001 దాకా నాలుగేళ్ళు మిగులు కనిపించింది. ఆ తరవాత ఎవరు గద్దె మీద ఉన్నా లోటే. పొదుపు మాట ప్రతిపక్షంలో ఉన్నప్పుడే అందరికీ గుర్తొస్తుంది.

మనందరి ఇళ్ళలోనూ నలిగిన విషయం గ్రీన్ కార్డు. ఒక్కొక్క దేశానికి 7 శాతం మించకూడదన్న నియమం 1990 చట్టంలోది. 2017, 2018లో అధ్యక్ష పదవీ రెండు సభలూ రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. 2021, 2022లో అవే డెమొక్రాట్ల చేతిలో ఉన్నాయి. ఇద్దరూ ఆ నియమాన్ని కదిలించలేదు. మధ్యలో 2019లో ప్రతినిధుల సభ దాన్ని తీసేసే బిల్లును 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలపకుండానే ఆ సభ గడువు ముగిసింది. మన భాషలో చెప్పాలంటే రెండు బ్రాంచిలూ సిద్ధంగా ఉన్నాయి, మెర్జ్ చేసే నాథుడు లేడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న ట్రంప్ ఆజ్ఞ వచ్చాక మనవాళ్ళ ఇళ్ళలో ఫోన్లు రాత్రంతా మోగాయి. ఒక పార్టీ తలుపు వేస్తోందని కోపం, ఇంకో పార్టీ తలుపు దగ్గర నిలబెట్టి మర్చిపోయిందని కోపం. రెండు కోపాలకూ కారణం ఉంది.

అసలు మనకు అర్థం కావాల్సింది వేరే ఉంది. "పార్టీ" అనే మాట రెండు దేశాల్లోనూ ఒకటే కానీ వస్తువు ఒకటి కాదు. మన దగ్గర టికెట్ ఇచ్చేది అధిష్ఠానం. బీ ఫారం ఎవరి చేతిలో పడితే వాడే అభ్యర్థి. గెలిచాక విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద పదవే పోవచ్చు. ఇక్కడ అలాంటి చట్టం లేదు. 2017 జులైలో ఒబామా బీమా చట్టాన్ని తీసేసే బిల్లును ఓడించిన ఓట్లలో మూడు రిపబ్లికన్లవే. మెకెయిన్ తెల్లవారుజామున సభలోకి వచ్చి బొటనవేలు కిందికి తిప్పాడు, పదవి పోలేదు. ఇక్కడ టికెట్ ఇచ్చే అధిష్ఠానం ప్రైమరీలో ఓటు వేసే మామూలు మనిషి. ఆ ఓటర్లు మారితే పార్టీ మారుతుంది. ఇందాక చెప్పిన చరిత్రంతా అలా జరిగిందే.

ఇది నాకు నష్టపోయాక గానీ తెలియలేదు. పౌరసత్వం వచ్చిన కొత్తలో నేను నమోదు ఫారంలో "ఏ పార్టీ లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. తటస్థుణ్ణని కాస్త గర్వం కూడా. కొన్నేళ్ళకు మా ప్రాంతంలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల మూసెయ్యాలా వద్దా అని చర్చ వచ్చింది. తేల్చాల్సింది స్కూలు బోర్డు. మే నెలలో ప్రైమరీ రోజున ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పోలింగ్ బూత్‌కి వెళ్ళాను. అక్కడున్న పెద్దావిడ పుస్తకం చూసి, "మీరు ఏ పార్టీలోనూ లేరు బాబూ, మీకు అభ్యర్థులను ఎంచుకునే ఓటు లేదు" అన్నట్టు మర్యాదగానే చెప్పింది. నవంబరు దాకా ఆగుదాంలే అనుకున్నాను.

పెన్సిల్వేనియాలో స్కూలు బోర్డు అభ్యర్థి రెండు పార్టీల ప్రైమరీలలోనూ పోటీ చెయ్యొచ్చు. నవంబరులో బ్యాలెట్ చూస్తే రెండు పార్టీల కిందా అవే పేర్లు! ఎన్నిక మే నెలలోనే అయిపోయింది. ఆ బడి మూసేశారు. మా చిన్నవాడు నడిచి వెళ్ళే బడి పోయి ఇప్పుడు నలభై నిమిషాలు బస్సులో కూర్చుంటున్నాడు. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. అడిగి చూస్తే చాలామంది నాలాంటి తటస్థులే. అధ్యక్షుడి గురించి వాట్సాప్‌లో కొట్టుకున్నాం. బడి గురించి ఓటు వెయ్యలేకపోయాం.

అందుకని మీకు నా విన్నపం ఒక్కటే. మీ రాష్ట్రంలో నియమం ఏమిటో ఈ వారమే చూసుకోండి. టెక్సస్‌లో నమోదులో పార్టీయే అడగరు. మా దగ్గర అడుగుతారు, లేకపోతే ప్రైమరీ ఓటు లేదు. ఎన్నికల కార్యాలయానికి ఒక్క ఫోన్ చేస్తే చెబుతారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు, డెమొక్రాట్. తెలుగు తల్లిదండ్రుల బిడ్డ ఉషా చిలుకూరి వాన్స్ 2025లో రిపబ్లికన్ ఉపాధ్యక్షుడి భార్యగా వాషింగ్టన్‌లో అడుగుపెట్టారు. రెండు గుమ్మాల్లోనూ మనవాళ్ళున్నారు. ఏ గుమ్మంలోకి వెళ్ళాలో మీ ఇష్టం, వాకిట్లో మాత్రం నిలబడిపోవద్దు.

మా అమ్మాయికి చివరికి ఏం చెప్పానంటే, "మనది అంటూ ఏ పార్టీ లేదమ్మా. నీది నువ్వు ఎంచుకో, నచ్చకపోతే మార్చుకో. ఖాళీగా మాత్రం వదలకు." అది ఏదో గడిలో టిక్కు పెట్టి ఫారం మడిచి పెట్టింది. నేను చూడలేదు, అడగలేదు. ఆ రాత్రి నేనూ ఫారం తెచ్చుకుని నా గడి మార్చుకున్నాను.

ఏ పార్టీయో ఇప్పుడు చెప్పను. భోజనాలు ఇంకా కాలేదు కదా!