మెట్లెక్కిన పండితుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఇంటింటికి పుస్తకములను పంచిన గ్రంథాలయమును అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. చదివినవాడు చదువనివాని గడప తొక్కెనా? దీనికి తన బ్రదుకుతో సమాధానము చెప్పినవాడు ఫ్రెంచి పండితుడు ఫ్రెడరిక్ ఒజానామ్. అతడు సంసారి, నిష్ఠగల కథోలిక భక్తుడు, ఇటలీ మహాకవి దాంతే కావ్యమును పరిశోధించిన ఆచార్యుడు.

ఒజానామ్ 1813 ఏప్రిల్ 23వ తేదీన మిలాను నగరమున జన్మించి, లియోను నగరమున పెరిగెను. తండ్రి వైద్యుడు, బీదలకు ఉచితముగా చికిత్స చేయువాడు. తల్లియు రోగులను పరామర్శించునది. ముదిమి పైబడుచుండగా ఆ దంపతులు నాలుగవ అంతస్తు దాటి మెట్లెక్కరాదని ఒండొరులకు మాట ఇచ్చుకొనిరట. పిదప ఒకనాడు, ఒకరికి తెలియకుండ ఒకరు పోయి, అంతకు పై అంతస్తుననే ఎదురుపడిరట! 1837లో ఆ తండ్రి రోగిని చూడబోయి మెట్లపై జారిపడి మరణించెను. కుమారునకు సేవాధర్మము ఇంటనే అబ్బినదని వేరుగ చెప్పనక్కరలేదు.

న్యాయశాస్త్రము చదువుటకై పారిసు చేరిన ఒజానామ్, విద్యార్థుల చర్చాసభలలో తన మతమును సమర్థించుచు అనర్గళముగా మాటాడువాడు. అవి 1832లో కలరా ఆ నగరమున 18 వేలకు పైగా ప్రాణములను బలిగొన్న దినములు. పూర్వము క్రైస్తవము లోకమునకు చేసిన మేళ్లను అతడు ఏకరువు పెట్టుచుండగా, ఎదిరిపక్షపు విద్యార్థి యొకడు, అవి యన్నియు గడచిన కథలనియు, నేడు మీరు చేయుచున్నదేమనియు నిలదీసెను. ఆ ప్రశ్నకు ఒజానామ్ ఎదురువాదము చేయలేదు. మిత్రునితో కలిసి, చలికాలమునకై తాము దాచుకొన్న కట్టెలలో మిగిలినవానిని ఒక పేదవానికి మోసికొనిపోయి యిచ్చెనని చెప్పుదురు.

1833 ఏప్రిల్ 23న, సరిగా అతని యిరువదవ జన్మదినమున, కొందరు విద్యార్థులు బైయీ అను పత్రికా సంపాదకుని కార్యాలయమున కూడిరి. 17వ శతాబ్దిలో దీనులను ఆదుకొన్న విన్సెంట్ డి పాల్ గురువు పేర వెలసిన సేవాసభకు అదియే ఆరంభము. పేదల పేటలో పనిచేయుచుండిన రోసలీ రాండ్యూ అను మఠకన్య వారికి ఇండ్ల వివరములను, రొట్టెల చీటీలను ఇచ్చి, పేదవానితో మెలగవలసిన తీరును నేర్పెను.

ఆ సభవారి పద్ధతులు గమనింపదగినవి. పేదవానిని తమ వాకిటికి పిలిపించుకొనరు. ఇద్దరు చొప్పున అతని యింటికే పోయి, కూర్చుండి, మంచిచెడ్డలు విచారించి, పిమ్మట సాయము చేయుదురు. సమావేశము ముగియువేళ చందా సంచి తిరుగును. ఎవరెంత వేసిరో ఎవరికిని తెలియదు. దాతకు గర్వము పెరుగకుండ, పుచ్చుకొనువానికి తల వంగకుండ చేసిన ఏర్పాటిది.

1839లో దాంతేపై వ్రాసిన వ్యాసమునకు ఒజానామ్ సాహిత్యమున డాక్టరు పట్టము పొందెను. 1844లో సొర్బాను విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. పదవి వచ్చిన పిదపను పేదల మెట్లెక్కుట మానలేదు. దానమొక్కటే చాలునని భ్రమపడినవాడును కాడు. లియోనులో వాణిజ్య న్యాయశాస్త్రమును బోధించునపుడే, కూలివాని వేతనము అతని పోషణకే కాక బిడ్డల చదువునకును, వృద్ధాప్యమునకును చాలునంత యుండవలెనని ప్రతిపాదించెను.

1841లో అతనికి వివాహమయ్యెను. 1845లో కుమార్తె కలిగెను. ఆరోగ్యము మాత్రము క్షీణించినది. 1853 సెప్టెంబరు 8న మార్సేయి నగరమున నలువదవ యేటనే కన్నుమూసెను. మనుమలను ఎత్తుకొను భాగ్యము అతనికి లేకపోయినది. అయినను అతడు నాటిన మొక్క నేడు దాదాపు 150 దేశములలో నీడనిచ్చుచున్నది. 1863లో బొంబాయిలో అడుగిడిన ఆ సభకు తెలుగునాటి కథోలిక విచారణలలోను శాఖలు కలవు. 1997 ఆగస్టు 22న రెండవ జాన్ పాల్ పోపు పారిసునందే ఒజానామ్‌ను ధన్యునిగా ప్రకటించెను.

మతమేదైనను, తన మనుమలకు భక్తిని బోధించి, అంతటితో తృప్తిపడక పొరుగువాని కష్టమున పాలుపంచుకొను తాతలు ప్రతి గ్రామమునను కలరు. వారి పేర్లు చరిత్రకెక్కవు. వారిది ఒజానామ్ బాటయే.

ఈ గ్రంథాలయ పాఠకులకు ఆ బాట కష్టమైనది కాదు. కన్ను కానరాని వృద్ధులు, మంచము దిగలేని రోగులు, అక్షరమెరుగని తల్లులు ఊరూరను ఉన్నారు. వారమున కొక సాయంకాలము ఇద్దరేసి పాఠకులు వారి యింటికి పోయి, పత్రికయో పురాణమో చదివి వినిపించి, వచ్చిన ఉత్తరమునకు జవాబు వ్రాసి యిచ్చిన చాలును. దీనికి చందా అక్కరలేదు, భవనము అక్కరలేదు. పేర్లు వ్రాసికొనుటకు చిట్టా యొకటి ఈ రాత్రియే తెరవవచ్చును.