హైటెక్ సిటీకి మెట్రో మార్గము



హైదరాబాదునకు పడమట, రాతిగుట్టల నడుమ, మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. దాని వెంట ఎన్నో కార్యాలయములు వెలసి, ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. కార్యాలయములు పెరిగినంత త్వరగా రోడ్లు పెరుగలేదు. పనికి పోవువారి ప్రొద్దు వాహనముల బారులలోనే గడచిపోవుచుండెడిది. ఈ చిక్కును తగ్గించుటకే మెట్రో మార్గము అటు సాగినది.

నేలపై చోటు చాలనప్పుడు దారిని పైకెత్తవలెను. రోడ్డు నడుమ స్తంభములు నిలిపిరి. ఉప్పల్, కుత్బుల్లాపూర్ ఆవరణలలో ముందుగా పోతపోసిన కాంక్రీటు ఖండములను తెచ్చి, పైకెత్తి, లోపల ఉక్కు తీగలు లాగి బిగించి వంతెనగా కూర్చిరి. పైన ఈ పని సాగుచుండగా క్రింద నగరము నడచుచునే యుండెను.

2017 నవంబరులో నాగోలు, మియాపూరుల మధ్య 30 కిలోమీటర్ల మార్గము ప్రారంభమైనది. 2019 మార్చి 20న అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి 10 కిలోమీటర్లు తెరచిరి. దారి పూర్తియైనదని జనులు సంతోషించిరి. కాని స్టేషను దాటినపిదప బండి పట్టాలు మారి వెనుదిరుగు ఏర్పాటు అప్పటికి సిద్ధము కాలేదు. అందుచేత జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు ఆవల, ఏ పట్టాపై పోయిన బండి ఆ పట్టాపైననే తిరిగి రావలసివచ్చినది. అది వచ్చువరకు వెనుకబండి ఆగవలెను. ప్రయాణికునికి కనబడని ఆ కొద్దిపాటి పట్టాయే అతని నిరీక్షణను నిర్ణయించినది!

ఆ లోపము అదే సంవత్సరము తీరినది. నవంబరు 29న మార్గము మరి ఒకటిన్నర కిలోమీటరు సాగి రాయదుర్గము చేరినది. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్ స్టేషన్ మార్గము కూడ తెరచుటతో మొత్తము 69 కిలోమీటర్లైనది. రాయదుర్గము నుండి కోకాపేటకు పొడిగించు ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వము 2024లో కేంద్రమునకు పంపినది.

కనుక ఇన్ని కిలోమీటర్లు పూర్తియైనవని వినినప్పుడు మనము రెండు ప్రశ్నలు వేయవలెను. బండి ఎన్ని నిమిషములకు ఒకటి వచ్చును? స్టేషను మెట్లు దిగినవాడు కార్యాలయమునకు ఎట్లు చేరును? కాలిబాటయు, చిన్న బస్సును లేనిచో పైనున్న వంతెన సగము దారియే. ఇంటి గడప నుండి పనిచోటి గడప వరకు సుఖముగా చేర్చినపుడే మార్గ నిర్మాణము నిజముగా పూర్తియైనట్లు.