కొత్త సింథ్ కొనే ముందు మీ పాటల చిట్టా బయటికి తీయండి

ఈ వీడియో కీబోర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కాదు. ఇంట్లో ఇప్పటికే ఒక కీబోర్డ్ ఉంది, ఆదివారం చర్చిలోనో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతోనో, వినాయక చవితి పందిళ్లలోనో వాయిస్తున్నారు, కొంచెం డబ్బు కూడబెట్టారు, ఇక పెద్ద సింథ్‌కి వెళ్లిపోదామా అని రాత్రిళ్లు డెమో వీడియోలు చూస్తున్నారు. అలాంటివాళ్లతో మాట్లాడాలని కూర్చున్నాను.

మీ దగ్గర రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 ఉందనుకుందాం. మన స్టేజీల మీద బాగా కనిపించేది అదే కదా. మీ కన్ను యమహా మోడెక్స్ మీదో, రోలాండ్ ఫాంటమ్-జీరో మీదో, కోర్గ్ నాటిలస్ మీదో పడింది. మూడూ మంచి వాద్యాలే. ఏది గొప్ప అన్న చర్చ నేను పెట్టుకోను. నేను చెప్పేది ఒక్కటే: ధ్వని బాగుంటుందని పెద్ద సింథ్ కొనకండి. పాట మధ్యలో మీ చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూసుకుని, ఆ ఆటంకం తీరుతుందంటేనే కొనండి.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. మోడెక్స్ లాంటి పర్ఫార్మెన్స్ సింథ్‌లో ఆటో రిథమ్ స్టైల్స్ ఉండవు. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే తబలా, బేస్, గిటార్ అన్నీ కలిసి వెంట వచ్చేది అరేంజర్ కీబోర్డ్. యమహా మన దేశం కోసం చేసిన పీఎస్ఆర్-ఐ500 ఆ జాతిదే. మోడెక్స్‌లో పది వేలకు పైగా ఆర్పెజియోలు ఉన్నాయి, డ్రమ్ ప్యాటర్న్‌లు ఉన్నాయి, నిజమే. కానీ ఇంట్రో, ఫిల్లు, ఎండింగ్ వేలికింద పెట్టే అరేంజర్‌కి అవి బదులు కావు. చర్చిలో డ్రమ్మర్ లేడు, ప్యాడ్స్ వాయించేవాళ్లు లేరు, పాటంతా మీరొక్కరే మోయాలి అంటే మీకు కావలసింది సింథ్ కాదు, మంచి అరేంజర్. అంత డబ్బు ఖర్చు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాక ఈ సంగతి తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

సరే, మీకు బ్యాండ్ ఉంది. ఇప్పుడు కంపెనీలు చెప్పే అంకెల దగ్గరికి వద్దాం.

2003లో వచ్చిన యమహా మోటిఫ్ ఈఎస్‌లో ధ్వనుల మెమరీ 175 ఎంబీ. 2010లో మోటిఫ్ ఎక్స్‌ఎఫ్‌కి వచ్చేసరికి 741 ఎంబీ. 2016లో మాంటేజ్, దాని వెనకే 2018లో మోడెక్స్ వచ్చాయి, వాటిలో 5.67 జీబీ. అంకె ముప్పై రెట్లు పెరిగింది. మరి పందిట్లో కూర్చున్న మనిషికి పియానో ముప్పై రెట్లు బాగా వినిపించిందా? లేదు. పెరిగిన మెమరీలో చాలా భాగం ఒక్కో స్వరాన్ని మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టినప్పుడు వచ్చే తేడాలను పట్టి పెట్టడానికి పోతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే ఆ తేడాలు మనసుకి హాయిగా ఉంటాయి. రికార్డింగ్‌లోనూ తెలుస్తాయి. డ్రమ్స్, బేస్, ఇద్దరు గాయకులు, నాలుగు హారన్ బాక్సులు ఉన్నచోట వాటిలో చాలా వరకు కలిసిపోతాయి.

పాలిఫనీ సంగతి వేరు, అది స్టేజీ మీద నిజంగా పనికొస్తుంది. ఒకేసారి ఎన్ని ధ్వని పోగులు మోగగలవో చెప్పే లెక్క అది. మోడెక్స్ తర్వాత వచ్చిన మోడెక్స్ ప్లస్‌లో శాంపిల్ ధ్వనులకు 128, శాంపిల్ లేకుండా లోపలే పుట్టించే ఎఫ్ఎమ్ ధ్వనులకు విడిగా 128. 128 అంటే 128 స్వరాలు అనుకోకండి. పియానో మీద స్ట్రింగ్స్ కలిపి పెట్టుకున్నారనుకోండి, ఒక్క మీట నొక్కితే లోపల ఆరేడు పోగులు లేస్తాయి. సస్టెయిన్ పెడల్ తొక్కి ఉంచి నాలుగు కార్డులు మారిస్తే వంద దాటడం ఎంతసేపు? అప్పుడు పాత స్వరాలు చడీచప్పుడు లేకుండా తెగిపోతాయి. మీ ఇప్పటి కీబోర్డ్‌లో నెమ్మది పాటల్లో స్ట్రింగ్స్ మధ్యలో మాయమవుతున్నాయంటే కారణం ఇదే కావచ్చు. కొనడానికి ఇది న్యాయమైన కారణం. అయినా ముందు లేయర్‌లో ఒక టోన్ తగ్గించి చూడండి.

ఇప్పుడు ఒక ప్రయోగం చేస్తాను, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఇది స్టీరియో గ్రాండ్ పియానో. బాగా పరుచుకుని, గది నిండా ఉన్నట్టుంది కదా? ఇప్పుడు కుడి, ఎడమ రెండూ కలిపి ఒకే లైన్‌లో పంపుతున్నాను. విన్నారా? మధ్య స్థాయి స్వరాలు పల్చబడ్డాయి, కొన్ని బోలుగా మోగుతున్నాయి. శాంపిల్ చేసేటప్పుడు రెండు మైకులు పెడతారు; ఒకే ధ్వని రెండింటికీ రవ్వంత తేడా కాలంలో చేరుతుంది. రెండూ కలిపేసరికి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మన ఊళ్లలో సౌండ్ సిస్టమ్ అతను మీకు ఇచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటే కేబుల్. అంటే మీరు డబ్బు పోసి కొన్న ఆ విశాలత్వం మిక్సర్ దగ్గరే ఆగిపోతుంది. అందుకని షాపుకి వెళ్లినప్పుడు స్పీకర్‌కి ఎడమ అవుట్‌పుట్ ఒక్కటే పెట్టించుకుని వినండి; చాలా కీబోర్డులలో దాని పక్కన మోనో అని రాసి ఉంటుంది. మోనోలోనూ నిలబడే పియానో ఏ సింథ్‌లో ఉందో వెతకండి. చాలాసార్లు పెద్ద గ్రాండ్ కంటే, మోనో కోసమే పెట్టిన చిన్న పియానో టోన్ బాగా దూసుకొస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఒక కాగితం తీసుకుని, మీరు ఈమధ్య వాయించిన ప్రోగ్రాంలోని పాటలన్నీ రాయండి. ఒక్కో పాట పక్కన ఏ టోన్లు వాడారో, పాట మధ్యలో ఎన్నిసార్లు మార్చారో, గాయకుడి శ్రుతి ఎంతో రాయండి. పల్లవికి ముందు ఫ్లూట్, చరణం మధ్య స్ట్రింగ్స్, తర్వాత సితార్, మళ్లీ ఫ్లూట్. గాయకుడు ఒకటిన్నర, గాయని ఐదున్నర. ఈ చిట్టా రాశాక మీకే కనబడుతుంది, మీరు తప్పులు చేస్తున్నది వాయించడంలోనా, మార్చడంలోనా అని.

మార్చడంలో అయితే పెద్ద సింథ్ మీ బతుకు మార్చేస్తుంది, ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మోడెక్స్‌లో లైవ్ సెట్ అని ఉంటుంది, తెర మీద ఒక పేజీకి పదహారు గళ్లు. ఫాంటమ్‌లో వాటిని సీన్స్ అంటారు, కోర్గ్‌లో సెట్ లిస్ట్. పాట వరసలో అమర్చుకుంటే ఒక్క వేలితో తర్వాతి గడికి వెళ్లిపోతారు. స్ప్లిట్, లేయర్, ఎఫెక్ట్ అన్నీ దాంతోనే వచ్చేస్తాయి. ఇంకా గొప్ప సంగతి, పాత టోన్ మీద పట్టి ఉంచిన కార్డ్ తెగకుండా మోగుతూనే ఉండగా కొత్త టోన్ వేలికిందికి వస్తుంది. యమహా దీన్ని సీమ్‌లెస్ సౌండ్ స్విచింగ్ అంటుంది. ఎక్కువ పార్టులు పేర్చిన ధ్వనుల విషయంలో దీనికి పరిమితి ఉంది కాబట్టి మీ బరువైన లేయర్లతోనే పరీక్షించండి. చరణం చివరి స్ట్రింగ్స్ మెల్లగా ఆరిపోతుంటే దాని మీద ఫ్లూట్ ఎత్తుకోవడం, పాత కీబోర్డ్‌లో టోన్ మార్చగానే టక్కున తెగిపోయే బాధ అనుభవించినవాళ్లకి, ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

చిట్టాలో అలాంటి ఇబ్బందే లేకపోతే? పాటకి ఒకటీ రెండూ టోన్లే వాడుతుంటే? అప్పుడు మీ డబ్బు వేరేచోట ఎక్కువ పని చేస్తుంది. మంచి సస్టెయిన్ పెడల్, ఒక ఎక్స్‌ప్రెషన్ పెడల్, రిహార్సల్‌కి సరైన స్పీకర్, చప్పుడు రాకుండా లైన్ పంపే డీఐ బాక్స్. ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఒక్కటి చాలు, కీబోర్డ్ స్ట్రింగ్స్‌కి ఊపిరి వస్తుంది. నిజం వయొలిన్ వరుస ఎప్పుడూ ఒకే గట్టితనంలో మోగదు కదా.

మన సంగీతానికి సంబంధించి ఒక మాట. గమకం పలికించడానికి మనకున్నది పిచ్ బెండ్. యమహాలో అది చక్రం, రోలాండ్‌లో పక్కకి తోసే మీట, కోర్గ్‌లో జాయ్‌స్టిక్. కర్ణాటక సంగీతాన్ని కీబోర్డ్ మీద కచేరీ స్థాయికి తెచ్చిన కె. సత్యనారాయణన్ గారి వాదనం చూస్తే ఎడమ చేతికి ఎంత పని ఉంటుందో అర్థమవుతుంది. మీ చెయ్యి ఏళ్లుగా పక్కకి తోసే మీటకి అలవాటు పడి ఉంటే, చక్రానికి మారడానికి నెలలు పట్టొచ్చు. ఏ రివ్యూలోనూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. నా లెక్కలో ఇది మెమరీ కంటే పెద్ద విషయం. అలాగే శుద్ధమైన అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల దూరంలో ఉంటుంది, కీబోర్డ్ ఇచ్చేది 400. తంబురా పక్కన పెట్టుకుని వాయించేవాళ్లకి ఆ పద్నాలుగు సెంట్లు చెవిలో గుచ్చుకుంటాయి. మోడెక్స్‌లో మైక్రో ట్యూనింగ్ ఉంది, స్వరస్థానాలు దిద్దుకోవచ్చు. భజన బృందంలో పాడేవాళ్ల వెనక వాయించేవాళ్లు దీన్ని తప్పకుండా వాడి చూడాలి.

కీస్ గురించి క్లుప్తంగా. మోడెక్స్ 61 కీస్‌ది 6.6 కిలోలు, 88 కీస్‌ది 13.8 కిలోలు. బ్యాగు, స్టాండు కలిపితే రెండోది ఒక్కరు బస్సులో మోసుకెళ్లే వస్తువు కాదు. పియానో నేర్చుకున్న చేతులకి 88 బరువు కీస్ కావాలి, మిగతా వాళ్లకి 61 లేదా 76 చాలు. ఇంకో సంగతి, మోడెక్స్‌లో గానీ ఫాంటమ్-జీరోలో గానీ కీస్‌కి ఆఫ్టర్‌టచ్ లేదు. అంటే మీట నొక్కి పట్టి ఇంకొంచెం ఒత్తితే వైబ్రాటో రావడమనేది కుదరదు. అది కావాలంటే మాంటేజ్ స్థాయికి వెళ్లాలి.

కరెంటు సంగతి మర్చిపోకండి. పందిట్లో జనరేటర్ మార్చినప్పుడు ఒక్క క్షణం పోయినా కీబోర్డ్ మొదటినుంచి లేవాలి. కోర్గ్ క్రోనోస్, నాటిలస్‌ల లోపల ఉన్నది నిజానికి ఒక కంప్యూటరే. ధ్వనులు ఎస్‌ఎస్‌డీ నుంచి లోడ్ కావాలి, సిద్ధం కావడానికి నిమిషం దాటుతుంది. వాటి ధ్వని నాకు చాలా ఇష్టం. కానీ గాయని మైకు పట్టుకుని నిలబడి ఉండగా ఒక నిమిషమంటే చాలా ఎక్కువ. ఏ సింథ్ తీసుకున్నా పక్కన చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

లాప్‌టాప్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. స్టూడియోలో అయితే నిస్సందేహంగా. ఇంట్లో ట్రాక్స్ చేసేవాళ్లకి మిడి కంట్రోలర్, మంచి ఆడియో ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్ ధ్వనులు చాలు, పెద్ద సింథ్ అవసరమే లేదు. స్టేజీ మీద ఆలస్యం సంగతి చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ పెడితే దానికే ఐదు మిల్లీసెకన్లు దాటుతుంది, దానికి ఇంటర్‌ఫేస్ ఆలస్యం కలుస్తుంది. అది వాయించగలిగినంతే. నా భయం ఆలస్యం గురించి కాదు. ఎండలో, దుమ్ములో, ఎవరో కాలు తగిలించే యూఎస్‌బీ కేబుల్ గురించి.

మీరు ఇంతకాలం కొనుక్కుని, స్నేహితుల దగ్గర తెచ్చుకుని నింపుకున్న ఇండియన్ టోన్స్ ఉన్నాయి చూశారా, షెహనాయ్, వీణ, నాదస్వరం, ఎక్స్‌పీఎస్-10లో ఉన్నవి మోడెక్స్‌లోకి రావు. ఫాంటమ్-జీరోలోకి కూడా నేరుగా రావు, కంపెనీ ఒకటే అయినా ఇంజన్ వేరు. విడి వేవ్ ఫైళ్లు మీ దగ్గర ఉంటేనే కొత్తగా మ్యాప్ చేసుకోవచ్చు. మోడెక్స్‌కి ఒక సౌలభ్యం ఉంది, మోటిఫ్ ఎక్స్‌ఎఫ్, ఎమ్ఓఎక్స్‌ఎఫ్ లైబ్రరీలను చదవగలదు. కాబట్టి మీ చిట్టాలోని ప్రతి దేశీ వాద్యం పక్కన, ఇది కొత్త దాంట్లో ఎక్కడి నుంచి వస్తుంది అని రాసుకోండి. సగానికి సమాధానం లేకపోతే ఆగండి.

ఎఫ్ఎమ్ గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే అది నాకు ప్రాణం. 1983లో యమహా డీఎక్స్7 ఆరు ఆపరేటర్లతో, 32 అల్గారిథమ్‌లతో వచ్చింది. ఎనభైల పాటల్లో వినిపించే ఆ గాజు గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో దానిదే. మోడెక్స్‌లోని ఎఫ్ఎమ్-ఎక్స్‌కి ఎనిమిది ఆపరేటర్లు, 88 అల్గారిథమ్‌లు. ఆ తర్వాత వచ్చిన మోడెక్స్ ఎమ్‌లో అనలాగ్ ధ్వనిని అనుకరించే ఏఎన్-ఎక్స్ కూడా చేరింది. సొంతంగా ధ్వని చెక్కుకోవాలన్న కోరిక మీలో ఉంటే, గంటలు గంటలు దాని ముందు కూర్చునే ఓపిక ఉంటే, పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టి కొనుక్కోండి. ఫ్యాక్టరీ టోన్లు దాటి వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ ఇంజన్‌లకి పెట్టే డబ్బు మీకు తిరిగి రాదు.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకుంటే అడాప్టర్ మీద ఇన్‌పుట్ వోల్టేజ్ చదవకుండా ప్లగ్ పెట్టకండి. 120 అని మాత్రమే ఉంటే మన 230కి అది కాలిపోతుంది. ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి మీటనూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. మెల్లగా నొక్కినా కొన్ని మీటలు గట్టిగా పేలుతుంటే కింద రబ్బరు కాంటాక్టులు అరిగినట్టో, దుమ్ము పట్టినట్టో. బెండ్ వదలగానే స్వరం సరిగ్గా మధ్యకి వస్తోందా, జాక్ కదిపితే గరగర వస్తోందా చూడండి.

కొన్నాక పాత కీబోర్డ్ వెంటనే అమ్మేయకండి. మొదటి కొన్ని ప్రోగ్రాములకు రెండూ తీసుకెళ్లండి. మీ లైవ్ సెట్ మొత్తం పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంట్లో కంప్యూటర్‌లో ఇంకో కాపీ ఉంచండి. చిట్టాలో ఉన్న పాటలన్నీ కొత్త దాని మీద, చీకట్లో, తెర వెలుగు ఒక్కటే చూసుకుంటూ వాయించగలిగిన రోజున పాతదాన్ని అమ్మకానికి పెట్టండి.