గోడ జరిగినా ఇంటి నంబరు మారదు – హార్డ్ డిస్కు పంపకాల ముచ్చట

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇంజనీరును కాను. తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి, ఫైళ్ల దుమ్ములో ముప్పై అయిదేళ్లు గడిపి రిటైరైన గుమస్తాను. కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగితే, "నాకేం తెలుసండీ?" అన్నాను. "మీరు చేసిన తప్పు తెలుసు గదా, అదే చెప్పండి" అన్నారు. కనుక తప్పుతోనే మొదలుపెడుతున్నాను.

మనలో చాలామంది ఇళ్లల్లో కొడుకో కూతురో వదిలిపోయిన పాత కంప్యూటరు ఒకటి ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. దాని హార్డ్ డిస్కు 500 జీబీ. తెరమీద 465 మాత్రమే చూపిస్తుంది. మిగతాది ఎవరూ తినలేదు. కంపెనీవారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కకడతారు, తేడా అక్కడ వస్తుంది. ఇందులో 'సి' వాటా 100, 'డి' వాటా 365. విండోస్ ఉండేది 'సి'లో. అది నిండిపోయి ఎర్రగీత పడ్డది. 'డి'లో చూస్తే సగానికి పైగా ఖాళీ. అన్నకు చోటు లేదు, తమ్మునికి పెరడంతా ఖాళీ అన్నట్టు.

ఒక దుకాణంలో అడిగితే, "వాటాలు కదిపితే విండోస్ ఆక్టివేషన్ పోతుంది, కొత్తది కొనాలె" అని వేలల్లో లెక్క చెప్పినారు. పెన్షనరుకు వేలంటే మాటలా? విచారించగా తెలిసినది మీతో పంచుకుంటాను.

2016 అక్టోబరు 11న, దసరా నాడు, మన జిల్లాలు విడిపోయినవి. ఆదిలాబాద్ ఒక్కటి నాలుగైంది – ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చినవి. కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయినవి. ఇంత జరిగినా నా పీపీఓ నంబరు మారిందా? మారలేదు. జిల్లా గీతలు వేరు, నా పెన్షను హక్కు వేరు.

ఆక్టివేషన్ కూడా అటువంటిదే. విండోస్ 10 వచ్చిన తరువాత ఆ హక్కు డిజిటల్ లైసెన్సు రూపంలో కంప్యూటరు యంత్రానికి, ముఖ్యంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. 'సి'ని పెంచినా, 'డి'ని తగ్గించినా దానికి సంబంధం లేదు. పాత డిస్కు తీసి కొత్తది పెట్టి విండోస్ మళ్లీ ఎక్కించినా, మునుపటి రకమే – హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో – ఎక్కిస్తే, ఇంటర్నెట్ కలపగానే సాధారణంగా దానంతటదే గుర్తుపడుతుంది. కీ అడిగిన చోట "కీ లేదు" అని ముందుకు పోవచ్చు. చిక్కు వచ్చేది మదర్‌బోర్డు మార్చినప్పుడు. అందుకని ముందుగానే లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసి పెట్టుకోవడం మంచిది. యంత్రంతోపాటు వచ్చిన లైసెన్సు ఆ యంత్రానికే. విడిగా కొన్నదైతే వేరే యంత్రానికి మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆక్టివేషన్ అనేచోట లైసెన్సు ఖాతాకు జతపడిందో లేదో కనబడుతుంది. పని మొదలుపెట్టక ముందే చూసి రాసుకోండి.

ఇక పంపకం సంగతి. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఒకటున్నది. 'డి'ని కుదించి 'సి'ని పెంచుదామనుకున్నాను. కుదించాను, ఖాళీ వచ్చింది. కాని 'సి'ని పెంచే మాట మీద నొక్కితే పలకదు! కారణమేమంటే, కుదించినప్పుడు ఖాళీ 'డి'కి ఆ చివరన వస్తుంది. 'సి' పెరగాలంటే తన కుడిగోడను ఆనుకొనే ఖాళీ ఉండాలి. తమ్ముడు తన జాగా తూర్పు చివరన వదిలితే, పడమటి అన్న గోడ ఎట్లా జరుపుతాడు? ఆ సాధనంతోనే చేయాలంటే దారి ఒక్కటే: 'డి'లోని సమస్తం బయటి డిస్కులోకి ఎక్కించి, 'డి'ని తీసేసి, 'సి'ని పెంచి, మిగిలిన చోట చిన్న 'డి' కట్టుకోవడం. రెంటి నడుమ రికవరీ అని చిన్న భాగం కనబడితే దాన్ని ముట్టుకోవద్దు, తెలిసినవారిని పిలవండి.

నేను ఎక్కించాను. నడుమ ఏదో ఫైలు దగ్గర ఆగి ఏమో అడిగింది. చదవకుండానే నొక్కేశాను. పని అయిందనుకొని 'డి'ని తీసేశాను. తరువాత ఎందుకో మనసు పీకి బయటి డిస్కు తెరిచి చూస్తే, ఒక ఫోల్డరు లేదు.

ఆ ఫోల్డరులో ఏమున్నదో చెప్పాలి. నాతో పనిచేసిన మిత్రుడొకరు కాలం చేశారు. ఆయన భార్య, నాకు చెల్లెలు వరుస, మంచిర్యాల నుండి సంచిలో కాగితాలు తెచ్చి, "అన్నా, ఇవి నాకు సమజ్ కావు, నువ్వే చూడు" అన్నది. పీపీఓ, జంట ఫోటో, సర్వీసు కాగితాలు అన్నీ స్కాన్ చేసి పెట్టాను. ఆ తరువాత ఇల్లు మారేటప్పుడు ఆమె సంచి పోయింది. ఫ్యామిలీ పెన్షనుకు ఆమె చేతిలో ఉన్న ఆధారం నా దగ్గరి ఆ ఫోల్డరే.

మిత్రులారా, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డు బస్తాలు పంపిన చేతులివి. జాబితా రాసి, లెక్క సరిచూసి, సంతకం తీసుకొని గాని ఒక్క బస్తా గడప దాటనివ్వలేదు. సర్కారు కాగితానికి ఉన్న జాగ్రత్త, చెల్లెలి కాగితానికి లేకపోయె! ఆ రాత్రి అన్నం సహించలేదు.

హైదరాబాదులో చదివే మనవడికి ఫోన్ చేశాను. "తాతా, ఏం ముట్టకు. కొత్తగ ఏం రాయకు. మిషన్ బంద్ చెయ్యి, నేనొస్త" అన్నాడు. వచ్చి డిస్కు విప్పి మరో కంప్యూటరుకు తగిలించి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనంతో వెతికాడు. వాటాను తీసేస్తే పోయేది రికార్డు రూములోని సూచిక పేజీయే. బీరువాల్లో ఫైళ్లు అట్లాగే ఉంటాయి, వాటిమీద కొత్తవి రాయనంత వరకు. నేను 'సి'ని పెంచకముందే ఆగినందున ఫోల్డరు దొరికింది. ఇది నా తెలివి కాదు, అదృష్టము. పైగా నాది పాతరకం డిస్కు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో తుడిచినది తిరిగి దొరికే ఆశ చాలా తక్కువ.

మరునాడే కాగితాలు ముద్రించి రెండు ప్రతులు మంచిర్యాలకు పంపాను. జరిగింది దాచలేదు, చెప్పాను. "దొరికినయి గద అన్నా" అన్నది చెల్లె. ఆ మాట నాకు మెమో కన్న ఎక్కువ తగిలింది.

తరువాత మనవడి ముందరే 'సి'ని పెంచాను. ఆక్టివేషన్ చెక్కుచెదరలేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, కొత్తది ఎక్కించుకునే మిత్రులు మనలో చాలామంది ఉంటారు. వారికి నా మనవి:

ఒకటి: ముఖ్యమైన కాగితాలు రెండు చోట్ల ఉండాలి, ఒకటి యంత్రం బయట.
రెండు: ఎక్కించిన తరువాత ఇటు ఎన్ని ఫైళ్లు, అటు ఎన్ని ఫైళ్లు అని లెక్క సరిచూడండి. తెరిచి కూడా చూడండి.
మూడు: కొత్త ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకర్ తాళం ఉండవచ్చు. దాని 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి దాచండి.
నాలుగు: తప్పు జరిగితే అక్కడే ఆగండి. సరిదిద్దబోయి ఇంకొకటి నొక్కవద్దు.
అయిదు: దుకాణానికి ఇచ్చేముందు "డి ముట్టవద్దు" అని నోటితో చెప్పి ఊరుకోక, చీటీ రాసి ఇవ్వండి.

పెన్షను కాగితమంటే మన తరువాత మిగిలేవారి అన్నం ముద్ద. దాన్ని ఏ 'డి'లో పెట్టినామో ఇంట్లోవాళ్లకు ఇవాళే చెప్పండి.