స్థూలకాయ శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు ఎందుకు?



ఈనాటి పాఠాన్ని గుజరాత్‌లో సూరత్ పక్కనున్న కడోదరా నుంచి మొదలుపెడదాం. అక్కడ బట్టల మిల్లులు ఎక్కువ. నేతపని కోసం తెలంగాణ నుంచి సూరత్ ప్రాంతానికి వలస వెళ్లిన కుటుంబాలు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. అలాంటి ఒక కార్మికుడిని ఊహించుకోండి. వయసు 45, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. మధుమేహం కూడా ఉంది. బరువు తగ్గే ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు రాసిచ్చిన పరీక్షల జాబితా చూసి, "కోసేది పొట్టే కదండీ! గుండెకు, నిద్రకు, మనసుకు పరీక్షలెందుకు? సగం తీసేస్తే ఖర్చు తగ్గుతుంది" అన్నాడు.

అది అడగదగిన ప్రశ్నే. ఏ పరీక్ష దేనికి జవాబు చెబుతుందో చూద్దాం.

మొదటిది, ఆపరేషన్ అవసరమా? బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచి వస్తుంది. 1.6 వర్గం 2.56. 96ను 2.56తో భాగిస్తే 37.5. అమెరికాలో 1991లో నిపుణులు ఆపరేషన్‌కు ఈ సూచి 40 ఉండాలని, తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 చాలని చెప్పారు. ఆసియా ప్రజలలో తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. అందుకే 2022లో శస్త్రచికిత్స నిపుణుల అంతర్జాతీయ సంఘాలు మనవంటి వారికి ఆ హద్దును 27.5కు తగ్గించాయి. థైరాయిడ్ లోపం కూడా బరువు పెంచుతుంది. కాబట్టి ఆ రక్తపరీక్షా చేస్తారు.

రెండవది, మత్తును శరీరం తట్టుకుంటుందా? ఇ.సి.జి. గుండె లయను చూపిస్తుంది. హెచ్.బి.ఎ1సి పరీక్ష గత రెండు మూడు నెలల చక్కెర సగటును చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అంతకాలం తనకు అంటుకున్న చక్కెరను మోస్తుంది. చక్కెర అదుపులో లేకపోతే గాయం త్వరగా మానదు.

ఇక నిద్ర. "గురక పెడతారా?" అని డాక్టరు అడిగితే మన కార్మికుడు లేదన్నాడు. పక్కనున్న భార్య ఊరుకోలేదు. "గురకే కాదండీ, మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. నేను తట్టి లేపుతాను" అంది. స్థూలకాయుల్లో నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవచ్చు. మత్తుమందు, నొప్పి తగ్గించే కొన్ని మందులు ఆ సడలింపును మరింత పెంచుతాయి. ఆపరేషన్ అయిన రాత్రి తట్టి లేపడానికి భార్య పక్కన ఉండకపోవచ్చు! నిద్ర పరీక్షలో ఈ జబ్బు బయటపడితే, గాలిని ఒత్తిడితో పంపే మాస్కును ముందునుంచే అలవాటు చేస్తారు. ఖర్చు తగ్గుతుందని అతడు వదిలేద్దామన్న పరీక్షలలో ఇదొకటి.

మూడవది, లోపల ఏముంది? అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లు, కాలేయంలో కొవ్వు కనిపిస్తాయి. ఉబ్బిన కాలేయం జీర్ణాశయాన్ని కప్పేస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి దాన్ని కుదిస్తారు. ఎండోస్కోపీలో పుండ్లు, హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా బయటపడతాయి. బైపాస్ చేశాక, విడదీసిన జీర్ణాశయ భాగంలోకి మామూలు గొట్టం పోవడం కష్టం. కనుక చూడవలసింది ముందే చూడాలి.

నాల్గవది, పోషకాలు. లావుగా ఉన్నవారికి పోషకాహార లోపమా అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కేలరీలు ఎక్కువైనా ఇనుము, విటమిన్ డి, బి12 తక్కువ కావచ్చు. బి12ను పేగు గ్రహించాలంటే జీర్ణాశయం గోడ స్రవించే ఒక ప్రోటీన్ కావాలి. జీర్ణాశయాన్ని తగ్గిస్తే అదీ తగ్గుతుంది. ముందే ఉన్న లోపం అప్పుడు ముదురుతుంది. బి12తో పాటు ఫోలిక్ ఆమ్లాన్నీ కొలవాలి. బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి ఆయనే నాయకుడు. అంతకుముందే, 1925లో, ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఎముకల ఆరోగ్యం కోసం కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నూ చూస్తారు.

చివరిది, మనసు. ఆపరేషన్ తరువాత కొద్దికొద్దిగా తినాలి, జీవితాంతం విటమిన్లు వాడాలి, పొగాకు మానాలి. దానికి మనిషి సిద్ధంగా ఉన్నాడా అన్నది ఏ యంత్రమూ చెప్పదు. కూర్చోబెట్టి మాట్లాడాలి.

విద్యార్థులారా! ఈ పరీక్షలు పాస్, ఫెయిల్ అయ్యేవి కావు. లోపం కనబడితే ముందు దాన్ని సరిచేస్తారు, ఆ తరువాతే కత్తి పడతారు. అన్ని పరీక్షలూ అందరికీ అవసరం కాకపోవచ్చు. "ఈ పరీక్ష ఎందుకండీ?" అని డాక్టరును అడగడం రోగి హక్కు. కాని డాక్టరు అడిగినప్పుడు గురకను దాచవద్దని మీ ఇంట్లో పెద్దవారికి చెప్పండి. మీ శరీర ద్రవ్యరాశి సూచిని కూడా లెక్కకట్టండి. అయితే 18 ఏళ్ల లోపువారికి వయసును బట్టి వేరే పట్టికలుంటాయని మరచిపోవద్దు.

సెలవు.